నాలుక కింద తొంభై ఏడు

రెండు వేల తొమ్మిది వానాకాలంలో స్వైన్ ఫ్లూ భయం హైదరాబాదు నుంచి నారాయణఖేడ్ దాకా వచ్చినప్పుడు, నేను ఇక్కడి ఒక వృద్ధాశ్రమంలో రికార్డులు రాసే ఉద్యోగంలో ఉన్నాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. కాగితం మీద రాసిన ప్రతి మాటా సత్యమై ఉండాలన్న పట్టింపు నాకు ఎక్కువ.

డాక్టరు మంగళవారం మాత్రమే వచ్చేవారు. మిగిలిన ఆరు రోజులూ, ఫోనులో ఆయన సలహా తీసుకున్నా, మనిషిని చూసి తేల్చేది ఆశ్రమంలోనే ఉండే నర్సమ్మే. ఎవరిని వేరు గదిలో ఉంచాలో, ఎవరిని పట్నం దవాఖానాకు పంపాలో ఆమే చెప్పేది. ఆదివారం ప్రార్థనకు అందరూ ఒకచోట కూర్చోవడం మాన్పించింది. నలుగురు ముసలమ్మలు ఒకే డబ్బాలోంచి ఆకు, సున్నం తీసుకుంటున్నారని ఆ డబ్బాను బీరువాలో పెట్టించింది. మంచాలు ఖాళీ చేయించడానికే ఈమె జ్వరం పేరు చెబుతోందని వాళ్ళు చెవులు కొరుక్కోసాగారు. నాకూ ఆమె మీద పూర్తి నమ్మకం లేదు. డాక్టరు సంతకం లేని నిర్ణయం నా దృష్టిలో నిర్ణయం కాదు.

ఉదయం జ్వరం చూసి రాసే పని నర్సమ్మ నాకు అప్పగించి, థర్మామీటరు చంకలో పెట్టమంది. మగవాణ్ణి కనుక ముసలమ్మలు ఒప్పుకోలేదు. స్పిరిట్‌తో తుడిచి నాలుక కింద పెట్టేవాణ్ణి. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

అయిదు రోజులు ఆ నలుగురు ముసలమ్మలకూ తొంభై ఏడు దాటలేదు. మగవాళ్ళ అంకెలు రోజుకొక తీరుగా ఉంటే, వీళ్ళవి కూడబలుక్కున్నట్టు ఒకటే. ఆరో రోజు కాస్త ముందుగా వెళ్ళాను. వాళ్ళలో ఒకరైన సిర్గాపూర్ అవ్వ నీళ్ళ రంజన్ కుండ దగ్గర నిలబడి, చల్లని నీళ్ళు బుగ్గల నిండా పట్టి ఉంది. నన్ను చూసి గుటుక్కున మింగి, నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి కాలిపోతోంది.

"రాయకు సారూ. నాకంటే ముందు గీ మంచం మీదున్నామెను పట్నం తోలిండ్రు. మళ్ళొచ్చిందా? నెల తిరగకముందే దీని మీద నన్ను పండవెట్టిండ్రు."

థర్మామీటరు తొంభై ఏడే చూపింది. అదే రాశాను. కనబడినదే రాశానని నాకు నేను చెప్పుకున్నాను.

మధ్యాహ్నం నర్సమ్మ ఆ పుస్తకం తిరగేసి, "తమ్మీ, చంకలనే పెడుతున్నవా?" అని అడిగింది. నేను తల దించుకున్నాను. ఆమె వెళ్ళి, రంజన్ వైపు ఒకసారి చూసి, అవ్వ మంచం పక్కన కూర్చుంది. ఆ ఏడాది సిర్గాపూర్‌లో కంది ఎట్లా ఉందని అడుగుతూ మాటిమాటికి గడియారం చూసింది. ఎక్కడికో పోయే తొందర అనుకున్నాను. అవ్వ శ్వాసలు లెక్కిస్తోందని తర్వాత తెలిసింది.

"నీళ్ళు పుక్కిట పట్టి జ్వరం దాస్తివి. దమ్మును యాడ దాస్తవ్ అవ్వా?"

అవ్వ మంచం మీది తన పెట్టెను దగ్గరికి లాక్కుంది. "నా మంచం ఎవరికిస్తవ్?" అంది.

"ఎవ్వరికియ్య. నీ పెట్టె దాని మీదనే ఉంటది. తాళంచెవి నువ్వే తీస్కపో."

"దుప్పటి గుడ మార్చొద్దు."

"దుప్పటి ఉతికిస్త. మంచం జరుప."

"నీ మాట నమ్మ. సారు కాగితం మీద రాయాలె."

అబద్ధపు తొంభై ఏడు రాసిన కలంతోనే, ఆ మంచం ఆమెదేనని రాశాను. కింద నర్సమ్మ సంతకం చేసింది. డాక్టరు సంతకం కావాలని నేను అడగలేదు. ఆ కాగితం కొంగున ముడివేసుకున్నాకే అవ్వ పట్నం దవాఖానాకు పోయే జీపు ఎక్కింది.

రెండు వారాలకు చిక్కి సగమై తిరిగివచ్చింది. మంచం ఉన్నచోటే ఉంది. కూర్చోకముందే పెట్టె తాళం తీసి, ఒక్కొక్క చీరా దులిపి చూసుకుంది. ఆ తర్వాత నర్సమ్మ వైపు తిరిగి, "ఆకుల డబ్బా యాడుంది?" అంది.

జ్వరం చూసే పని మాత్రం నాకు మళ్ళీ రాలేదు. అవ్వ వెళ్ళిన మర్నాటి నుంచి నర్సమ్మ స్వయంగా చూసుకుని, స్వయంగా రాసుకుంది.