పొయ్యి వెలుగుతున్న ఇల్లు

అండమాన్ మాయాబందర్‌లో మా పక్కింటి దీదీ పిలిస్తే కాదనలేక, ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ తెలుగు చర్చి హాల్లో డాక్యుమెంటరీ చూడడానికి వెళ్ళాను. ఎక్కడో యుద్ధం జరుగుతున్న ఊరికి సాయం పట్టుకెళ్ళినవాళ్ళ గురించి. లారీల్లోంచి చిక్కుడు గింజల బస్తాలు దించుతారు. ఆ గింజలు ఉడకాలంటే ఓ పూట పడుతుంది. ఊళ్ళో గ్యాస్ లేదు, కట్టెలు లేవు, ఇళ్ళ తలుపులు కూడా అప్పటికే పొయ్యిల్లోకి వెళ్ళిపోయాయి. జనం బస్తాల పక్కనే కూర్చుని పస్తులుంటారు. నాకు ఒళ్ళు మండింది. ఇంత దూరం వచ్చినవాళ్ళు ఏం కావాలని ఒక్క మాట అడగలేకపోయారా అని పైకే అనేశాను. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

దీదీ మాత్రం కళ్ళు తుడుచుకుంటూ, "అందుకే ఎవరికైనా వండిందే పట్టుకెళ్ళాలి. గరం గరం ఖానా. కష్టంలో ఉన్నవాళ్ళని పొయ్యి దగ్గర కూర్చోబెడతామా?" అంది. దీదీ ఏది అనుకుంటే అది చేసే మనిషి. ఆ మాట నాకూ సబబుగానే తోచింది.

ఆ వారంలోనే చేపల వేటకెళ్ళిన మా అన్న తిరిగి రాలేదు. తోడు వెళ్ళాల్సినవాడికి జ్వరమొస్తే చిన్న పడవ, డింగీ వేసుకుని ఒక్కడే వెళ్ళాడు. మధ్యాహ్నానికి గాలీ వానా మొదలయ్యాయి. జెట్టీలో అడిగితే సముద్రం కాస్త సర్దుకున్నాక బోటు పంపుతామన్నారు. అప్పటికి అదే పెద్ద మాట.

మా వదిన ఏడవలేదు. పొయ్యి వెలిగించింది. షిప్పులు ఆగిపోయి గ్యాస్ బండలు రాక, పెరట్లో రాళ్ళు పేర్చిన పాత పొయ్యిని పంచలోకి తెచ్చుకుంది. కట్టెలన్నీ తడిసి ఉన్నాయి. ఊదీ ఊదీ కళ్ళు ఎర్రబడ్డాయి. పూటపూటా ఇద్దరు పిల్లలకూ పెట్టి, అన్న కంచంలో కూడా వడ్డించి మూత పెట్టేది. తను మాత్రం ముద్ద ముట్టేది కాదు.

మాది శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి వచ్చిన కుటుంబం. చావు జరిగిన ఇంట్లో ఆ రోజు మేం పొయ్యి వెలిగించం. అయినవాళ్ళే వండి తెచ్చి పెడతారు. కాబట్టి పొయ్యిలో మంట ఉన్నంతసేపూ మా అన్న బతికే ఉన్నాడు. వదిన ఆ మాట పైకి అనలేదు, నేనూ అడగలేదు. చదువుకున్నదాన్నే, అయినా మంట సన్నగిల్లినప్పుడల్లా నేనూ ఓ పుల్ల ఎగదోసేదాన్ని.

సరిగ్గా అలాంటప్పుడు గేటు చప్పుడైంది. దీదీ. చేతిలో పెద్ద కేరియర్. మూత సందుల్లోంచి ఆవిరి వస్తోంది. ఆపుదామని లేచేలోపే పంచలోకి వచ్చేసి, కేరియర్ వదిన ముందు పెట్టింది.

వదిన దాన్ని చూసింది. తర్వాత దీదీ ముఖం చూసింది.

"ఎవులు పోనారని తెచ్చినావు?"

దీదీకి అర్థం కాలేదు. "వేడిగా ఉంది, పిల్లలకి పెట్టు..."

"మా ఇంటికాడ ఎవులూ పోనేదు. తీసీ."

నేను కేరియర్ ఎత్తి, దీదీ చెయ్యి పట్టుకుని గేటు బయటికి లాక్కొచ్చాను. నోటికొచ్చినట్టు తిట్టాను. విషయం చెప్పేసరికి ఆమె ముఖం పాలిపోయింది. ఆమె పుట్టింది ఇక్కడే. వాళ్ళ చర్చి ఆడవాళ్ళు జ్వరానికీ, పురుడుకీ, చావుకీ ఒకేలా కేరియర్ పట్టుకెళ్తారు. కేరియర్ అంటే వాళ్ళకి ప్రేమ, ఇంకేమీ కాదు.

"నాకు మాలూమ్ లేదు. కసమ్‌గా తెలీదు," అంది. "మరి ఏం తేను?"

"నన్నడుగుతావేంటి? లోపలికెళ్ళి ఆవిడ్నే అడుగు."

కోపంలో అన్న మాటే అది. కానీ అన్నాక నాకే తెలిసొచ్చింది. అక్కడ గింజలు దించినవాళ్ళూ ఇక్కడ అన్నం తెచ్చిన దీదీ అందరూ మంచివాళ్ళే. ఎవరూ గుమ్మంలో ఆగి అడగలేదు. ఎదుటి మనిషికి ఆకలి ఉంటే ఇక ఆ మనిషికి వేరే ఏ ఆలోచనా ఉండదనుకున్నారు. మంచితనానికి అంత తొందరేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

దీదీ వెళ్ళింది. గుమ్మం దాటకుండా నిలబడి, "ఏం కావాలమ్మా?" అని అడిగింది. వదిన తడి కట్టెని ఒకసారి ఊదింది. "ఎండు కట్టెలు," అంది.

దీదీ తన రెయిన్‌కోటు కట్టెలకి చుట్టి, తాను నిలువునా తడుస్తూ తెచ్చింది. మంట ఒక్కసారిగా లేచింది. వదిన అన్నం వార్చి, చారు కాచి, దీదీకి కంచం పెట్టింది. "ఇంటికొచ్చినోలు తినకుండా ఎల్తారా ఏటి?" అంది. దీదీ తల వంచుకుని తింటుంటే, వదిన తనూ రెండు ముద్దలు నోట్లో వేసుకుంది. నేను అటు తిరిగి ఏడ్చాను.

మర్నాటికి గాలి తగ్గింది. బోటు వెళ్ళింది. వదిన కదలనంది. జెట్టీకి నేనే వెళ్ళాను. ముందు డింగీని లాక్కొచ్చారు, తర్వాత అన్నని. ఇంటికి ఎలా నడిచానో గుర్తు లేదు. ఆ ముఖం పెట్టుకుని గేటు తియ్యడం మాత్రం గుర్తుంది.

వదిన నన్ను చూసింది. ఉడుకుతున్న గిన్నె దించి పక్కన పెట్టి, బిందె ఎత్తి పొయ్యిలో నీళ్ళు పోసింది. పంచంతా బూడిద లేచింది. పిల్లలు దగ్గుతూ బయటికి పరిగెత్తారు.

కబురు దీదీకి అప్పటికే అందినట్టుంది. గేటు దగ్గర నిలబడింది. ఉత్త చేతులతో వచ్చింది. లోపలికి రావాలో వద్దో తెలియక ఊచలు పట్టుకుని ఉంది. వదిన తల తిప్పి ఆమె వైపు చూసింది.

"దీదీ, గుంటలిద్దరూ పొద్దుట్నుంచి ఏటీ తిన్నేదు. కూడు ఒండి తే."