జిగురు లేని కొలత

మా ఫిజిక్స్ మేడం పోయారని బుధవారం పొద్దున వాళ్ల అన్నగారు ఫోన్ చేశారు. "చెల్లెలు పోయిందమ్మా" అని ఒక్క మాట చెప్పి ఏడ్చారు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో నాకే తెలియదు.

కావలి కాలేజీలో ఆవిడ మాకు పాఠం చెప్పారు. తెలుగు మీడియం ఫిజిక్స్ పుస్తకంలో 'వికృతి' అన్న మాట రాగానే మేం పక్కవాళ్ల మొహాలు చూసి నవ్వేవాళ్లం. "మొహాలు కాదు నాయనా. లాగితే ఎంత సాగింది, నొక్కితే ఎంత తగ్గింది, అదీ వికృతి" అనేవారు. విరిగిన సుద్దముక్కలు కొంగున ముడేసుకుని ఇంటికి పట్టుకెళ్లేవారు. ఎందుకో అడిగే ధైర్యం మాకెవరికీ లేదు.

వయసులో ఉన్నప్పుడు ఆవిడ చెన్నైలో ఒక ప్రయోగశాలలో పరిశోధన చేశారు. కంటికి ఆనని తగరం రేణువు. బాగా చల్లబరిస్తే అది అయస్కాంత బలాన్ని లోపలికి రానివ్వదు. బలం పెంచుకుంటూ పోతే ఒక హద్దు దగ్గర లొంగిపోతుంది. రేణువును నొక్కితే ఆ హద్దు ఎటు జరుగుతుందన్నది ఆవిడ ప్రశ్న. కొలిచారు, డాక్టరేట్ వచ్చింది. చాలా ఏళ్ల తర్వాత, మాకు పాఠం చెబుతూ చెబుతూ బోర్డు ముందు ఆగిపోయారు. అప్పుడే ఆవిడకు తట్టింది, ఆ ప్రయోగంలో రేణువును పలకకు అంటించిన జిగురు కూడా చలికి ముడుచుకుని దాన్ని పిండి ఉంటుంది. ఆ నొక్కుడు ఆవిడ లెక్కలో లేదు.

"నేను రేణువును కొలవలేదమ్మా, జిగురును కొలిచినా" అన్నారు నాతో, స్టాఫ్ రూంలో. నవ్వుతున్నారనుకున్నాను. కాదు.

నేనిప్పుడు రక్తపరీక్షల ల్యాబ్ నడుపుతున్నాను. అంకె వేసే ముందు, ఇది రక్తం చెబుతోందా, సీసా చెబుతోందా అని చూసుకుంటాను. అది ఆవిడ పెట్టిన భిక్షే.

జిగురు సంగతి తట్టినప్పటి నుంచి మేడంకు ఒకటే కోరిక. దేనికీ అంటించకుండా, ఏ నొక్కుడూ లేకుండా, ఆ రేణువు హద్దు ఎంతో ఒక్కసారి కొలవాలి. రిటైరయ్యాక ప్రయోగశాలవాళ్లు రమ్మన్నారు కూడా. అప్పటికే గుండె పాడై, వాకాడు దగ్గర అన్నగారింట్లో ఉంటున్నారు. ఆయన ససేమిరా అన్నారు.

"ఆ బస్సుల్లో పడి యాడికి పోతావు? దారిలో ఏమన్నా అయితే నేనేం కావాల? కొంచెం తేరుకున్నాక పోదువులే."

ఆయనే అన్నం కలిపి పెట్టేవారు. ఆయనే చెప్పులు దాచేసేవారు. "మా అన్న మంచోడమ్మా, అదే తంటా" అనేవారు మేడం ఫోన్లో. ఆవిడ తేరుకోలేదు.

సమాధుల దొడ్డిలో పాస్టరుగారి ప్రార్థన అయ్యాక అన్నగారు నా పక్కకు వచ్చారు.

"నేను పంపించుంటే కొలిచుండేదా అమ్మా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు.

"కొలిచుండేవారు" అన్నాను.

ఆయన తలూపి, వెళ్లి పెట్టెను దించే తాడు పట్టుకున్నారు. పెట్టె మెల్లగా దిగి ఇసుకను తాకింది. మిగతావాళ్లు తాళ్లు వదిలేశారు. ఆయన వదల్లేదు. పారలు పట్టుకున్నవాళ్లు ఆయన చేతుల వైపే చూస్తూ నిలబడిపోయారు.