నైరుతి మూలలో స్టోరేజ్ పెట్టె

మొన్న ఆదివారం న్యూజెర్సీలోని పార్సిప్పనీ నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసింది. ఇన్నాళ్ళూ లైబ్రరీ గదిలో నెట్టుకొస్తున్న వాళ్ళ తెలుగు బడికి సొంత చోటు దొరికిందట. ‘వదినా, నెట్‌వర్క్ పెట్టించాలి. మీ ఫ్రిస్కో బడిలో ఏ ఫైర్‌వాల్ కొన్నారు? స్టోరేజ్ ఎంతది తీసుకోమంటావు? లింక్ పంపించు, ఆర్డర్ చేసేస్తాం’ అంది, కుక్కర్ ఏ సైజు కొనాలో అడిగినంత తేలిగ్గా. లింకు పంపడం ఎంతసేపు. కానీ నాకు మా బావగారు గుర్తొచ్చి నవ్వాగలేదు. ‘లింకు తర్వాత పంపుతాలే, ముందు మా బావగారి సంగతి విను’ అన్నాను. పొయ్యి మీద ఏదో పెట్టుకుని ఫోన్ చేసినట్టుంది పాపం, అయినా వింది.

బావగారంటే మా అక్క భర్త. ఒక బ్యాంకులో నెట్‌వర్క్ ఇంజనీరు. ఉద్యోగం పొడుగునా పాడైపోయిన వాటి మధ్యే బతికినందుకో ఏమో, ఎవరైనా కొత్త వస్తువు చూపిస్తే బాగుందనే ముందు ‘ఇది పోతే ఏం చేస్తారు?’ అని అడుగుతారు. ఒకరింటి గృహప్రవేశానికి వెళ్ళి, పాలు పొంగకముందే నీళ్ళ మెయిన్ వాల్వ్ ఎక్కడుందని అడిగిన ఘనుడాయన. మనవాళ్ళ సంగతి తెలుసుగా. శుభమా అని ఒక పని మొదలుపెడుతుంటే పోవడాలూ పగలడాలూ నోట రాకూడదు, పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. అందుకని ఫంక్షన్లలో అక్క ఆయన పక్కనే కూర్చునేది, ఆయన నోరు తెరవబోతే మోచేత్తో ఒకటి పొడవడానికి. ఆయన ఆ పోటును కూడా మర్యాదగా స్వీకరించి, రెండు నిమిషాలాగి మళ్ళీ అదే అడిగేవారు.

టెక్సస్ ఫ్రిస్కోలో మా తెలుగు బడికి అక్క ప్రిన్సిపాల్. శని ఆదివారాలే క్లాసులు. అద్దె చోటే అయినా, పక్కనే కిరాణా కొట్టు, ఎదురుగా దోసెల హోటలు, తల్లిదండ్రులకు స్వర్గమే. కొన్నేళ్ళ కిందట మా ఊరి బడులన్నీ చూసే స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్ళు, హైస్కూల్లో తప్పనిసరిగా చదవాల్సిన రెండో భాష కింద తెలుగుకూ క్రెడిట్ ఇస్తామన్నారు. షరతేమిటంటే, ప్రతి పిల్లా పిల్లాడూ ఏడాది పొడుగునా నెలనెలా తెలుగులో మాట్లాడిన రికార్డింగులు మే నెలలో పంపాలి, వాళ్ళు విని మార్కులేస్తారు. ఆ మాట వినగానే మా అమ్మాయి స్పానిష్ మానేసి తెలుగులో చేరింది. ‘ఇంట్లో వినేదే కదమ్మా, ఈజీ ఏ గ్రేడ్’ అంది. తెలుగు క్రెడిట్ రాకపోతే హైస్కూల్ చివరేడాదిలో మళ్ళీ స్పానిష్ మొదటి పాఠం దగ్గర కూర్చోవాలి. అందుకే ఆ గొంతులు భద్రంగా దాచే పెట్టె ఎలాంటిదన్నది నాకు ఇంటి విషయమైపోయింది.

సామాను ఎంపికకు కమిటీ మీటింగ్ పెట్టారు. కమిటీ అంతా సాఫ్ట్‌వేర్ వాళ్ళే. తెలిసినవాళ్ళు ఒక్కరుంటే పని అవుతుంది, అందరూ తెలిసినవాళ్ళయితే సాయంత్రమవుతుంది. సెక్యూరిటీ కంపెనీలో పనిచేసే ఆయన, విమానాశ్రయానికి సరిపడే ఫైర్‌వాల్ తెద్దామన్నాడు. ఇంకొకావిడ అసలేమీ కొనొద్దు, అంతా క్లౌడ్‌లో పెట్టేద్దామంది. పిల్లల గొంతులు బయటి సర్వర్లలో పెట్టడానికి తల్లిదండ్రులు ఒప్పుకోలేదని అక్క గుర్తుచేస్తే, ఆవిడ కాఫీకి లేచి వెళ్ళింది. మా ప్రెసిడెంట్ గారిది కరీంనగర్ దగ్గర. మనసు వెన్న, మాట పెద్దది. ‘మా ఆఫీసుల పాత సర్వర్ ర్యాక్ తీసేస్తుండ్రన్నా, ఫ్రీగ ఇస్తరు. ఇంక మనకు ఫికర్ లేదు’ అన్నాడు. బావగారు ఫోన్‌లో అలాంటి ర్యాక్ నడుస్తున్న వీడియో ఒకటి పెట్టి బల్లమీద ఉంచారు. ఆ ఫ్యాన్ల హోరుకు పక్క గదిలో అ ఆలు దిద్దుతున్న పిల్లలు పరిగెత్తుకొచ్చారు. ర్యాక్ సంగతి అక్కడితో ముగిసింది.

చివరికి బావగారు చెప్పినవే కొన్నాం. పోతే మర్నాటికి ఇంకొకటి తెచ్చి పెట్టుకోగల చిన్న ఫైర్‌వాల్, చెడ్డ సైట్లు రాకుండా వడగట్టేది. ఫ్యాన్ లేని నెట్‌వర్క్ స్విచ్, నెట్ వెళ్ళే తీగలోంచే వైఫై పెట్టెలకు కరెంటు కూడా పంపేది. పిల్లలకొక నెట్‌వర్క్, ఆఫీసుకొకటి, బయట కార్లలో కూర్చుని సినిమాలు చూసే నాన్నలకొకటి. రికార్డింగులకు నాలుగు డిస్కుల స్టోరేజ్ పెట్టె, ఒక డిస్కు పోయినా డేటా పోనిది. ‘రెండు పోతే?’ అని అడిగారాయన. అందరూ నిట్టూర్చారు. ‘బడి కాపీ ఇంకోటి ప్రిన్సిపాల్ గారింట్లో, తాళం వేసి పెడదాం. నెలకోసారి దాన్ని తిరగతోడి, ఫైళ్ళు నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో అందరం కూర్చుని చూద్దాం’ అన్నారు. ‘మీ ఇష్టం అన్నా, ఏదో ఒకటి జేస్కోండ్రి’ అన్నాడు ప్రెసిడెంట్, అక్క మొహం చూసి.

ఇక పెట్టె ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. పగలంతా డేటా సెంటర్లలో చలికి స్వెట్టర్లు వేసుకుని తిరిగే వాళ్ళంతా ఏకకంఠంతో నైరుతి అన్నారు. బరువైనవీ, బీరువాలూ, భద్రంగా ఉండాల్సినవీ నైరుతిలోనే ఉండాలట. ఫోన్లో దిక్సూచి పెట్టి మరీ వెతికితే నైరుతి మూలన చీపుర్లు పెట్టుకునే చిన్న గది తేలింది. పడమటి గోడ, కిటికీ లేదు, ఏసీ గాలి రాదు. ‘టెక్సస్ ఎండలో పడమటి గోడండీ’ అన్నారు బావగారు. ఈసారి మోచేత్తో పొడిచింది నేనే. వాస్తు విషయంలో నాకూ కాస్త భయముంది మరి. పెట్టెకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ మాత్రం పార్కింగ్ లాట్‌లో కొట్టాం. ‘మొదటి టెస్ట్ ఎప్పుడు పెట్టుకుందాం?’ అని ఆయన అడిగితే, ప్రసాదం తింటున్నవాళ్ళెవరూ వినిపించుకోలేదు. ఆ తర్వాత కూడా నెలనెలా గ్రూపులో మెసేజ్ పెట్టేవారు, దండం పెట్టే బొమ్మలు తప్ప మనుషులెవరూ వెళ్ళలేదు.

మే నెల వచ్చింది. వారమంతా బడి మూసి ఉంటుంది, ఏసీ ఆపేస్తారు. సోమవారం రికార్డింగులు పంపాలనగా శనివారం ఉదయం అక్క ఆ గది తలుపు తీసింది. వేడి మొహాన కొట్టిందట. పెట్టె ముందు దీపాల్లో రెండు ఎర్రగా వెలుగుతున్నాయి. సెక్యూరిటీ కంపెనీ ఆయన దాన్ని ఆపి, చల్లార్చి, మళ్ళీ పెట్టి చూశాడు. రెండు డిస్కులు కాలిపోయాయి. పెట్టెలో ఇంకేమీ మిగల్లేదన్నాడు. మా అమ్మాయి గోడకు చేరగిలి, ‘సో ఇయర్ అంతా... గాన్ ఆ అమ్మా?’ అంది. సెప్టెంబర్ నుంచీ అద్దం ముందు నిలబడి ళ పలకడానికి అది పడ్డ అవస్థ నాకు తెలుసు. ఏడుపొచ్చింది, అందరి ముందూ ఏడ్చాను కూడా.

బావగారు చీపుర్ల మధ్య నిలబడి గోడ తడిమి చూస్తున్నారు. ‘మీ ఇంట్లో కాపీ ఉన్నట్టేనా బావగారూ?’ అని అడిగాను. ‘ఉందని ఇప్పుడే అనను. తెరిచి చూశాక చెప్తాను’ అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఒక మాట ముందే చెప్తే ఈయన సొమ్మేం పోయింది? కార్లన్నీ అక్క వాళ్ళింటికి కదిలాయి.

వాళ్ళ వంటింటి ప్యాంట్రీలో బియ్యం బస్తాల పక్కన, చల్లగా, చిన్న పెట్టె ఒకటి బుద్ధిగా కూర్చుని ఉంది. ఆయన తాళం తీశారు. మొదటి ఫైలు తెరిస్తే ఎవరి పిల్లాడో ‘నమస్కారం, నా పేరు’ అన్నాడు. ప్రెసిడెంట్ కుర్చీలో కూలబడి, ‘బతికిచ్చినవన్నా’ అన్నాడు. మేమంతా చప్పట్లు కొట్టేశాం. బావగారు కొట్టలేదు. ‘ఒకటి వస్తే అన్నీ వచ్చినట్టా?’ అని, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టబోయారు. ‘స్పీకర్‌లో పెట్టండి, మేమూ వింటాం’ అంది అక్క. మేమంతా ఏనాడో పెట్టుకోవాల్సిన ఆ మీటింగ్ అలా జరిగింది. టీలు వచ్చాయి, పకోడీలు వచ్చాయి, పిల్లలందరూ సెప్టెంబర్ నుంచి వరసగా మా మధ్య మాట్లాడారు. ప్రతి నెల కాపీనీ ఆయన ఒక్కరే తెరిచి చూసేవారని అప్పుడే అక్క చెప్పింది. ‘మరి ఉందని ఎందుకనలేదు?’ అని నిలదీశాను. ‘పోయిన నెలది చూశానమ్మా. ఈ నెలది చూడలేదుగా’ అన్నారు, టీ ఊదుకుంటూ.

మా అమ్మాయి వంతు వచ్చేసరికి సాయంత్రమైంది. ‘మా అమ్మమ్మ పప్పు చేస్తాడు’ అంది సెప్టెంబర్‌లో అది, ఎంతో ధీమాగా. హాలంతా నవ్వింది. జనవరికి అమ్మమ్మ ‘చేస్తుంది’ అయింది. ఏప్రిల్‌లో, అమ్మమ్మతో ఫోన్‌లో ఎందుకు పోట్లాడిందో, మళ్ళీ ఎందుకు రాజీపడిందో, గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ళ పలికినచోట నేను అక్క చెయ్యి పట్టుకున్నాను. మా అమ్మాయి మొహం దిండులో దాచుకుని, ‘పెదనాన్నా, సెప్టెంబర్‌ది డిలీట్ చేసెయ్యండి ప్లీజ్’ అంది. ‘అది సబ్మిట్ చెయ్యాలమ్మా’ అన్నారాయన. సోమవారం అన్నీ పంపాం. జూన్‌లో క్రెడిట్ వచ్చింది. స్టోరేజ్ పెట్టె ఇప్పుడు అక్క ఆఫీసులో ఏసీ కింద ఉంటుంది, అది ఏ మూలో ఎవరూ కొలవలేదు.

మా ఆడపడుచుకు లింకులు పంపాను, పెట్టెలు ఏవైనా ఫరవాలేదని, నెలకోసారి తెరిచి వినమని రాసి. అమ్మాయి ఇప్పుడు కాలేజీలో ఉంది, ఫోన్ చేస్తే నాకంటే వేగంగా తెలుగు మాట్లాడుతుంది. మొన్న అక్కనడిగి ఆ సెప్టెంబర్ ఫైలు తెప్పించుకుని కార్‌లో ఒక్కదాన్నే విన్నాను. పిల్లలు రోజూ మన కళ్ళముందే మాట్లాడుతుంటారు గనక ఏ గొంతు ఎప్పుడు చివరిసారి విన్నామో మనకు తెలియదు. నేను చెవిపెట్టి వినని దాని చిన్నప్పటి గొంతులు ఇంకెన్ని వెళ్ళిపోయాయో, ఈ ఒక్కటి మాత్రం ఉండిపోయింది.