చక్రం తిప్పిన చెయ్యి

చుక్క రాలితే చప్పుడుండదు. అయినా నాకు వినిపిస్తుంది. నిన్న ఎమ్మిగనూరులో, జ్వరంతో పడుకున్న మిత్రుడి పక్కన కూర్చున్నాను. కిటికీ ఊచకు వేలాడే సెలైన్ సీసాలోంచి మధ్యాహ్నపు ఎండ గోడ మీద వణుకుతోంది. ఆ వెలుగులో, ఎన్నో ఏళ్ళ కిందట చూసిన ఖైరూన్ సిస్టర్ పెదవులు కదిలాయి. ఒకటి, రెండు, మూడు...

అప్పట్లో ఆమె ఆదోనిలో ఒక కాన్పుల వార్డుకు హెడ్ నర్సు. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. హేతువాద సభల్లో గొంతు చించుకునేవాణ్ణి. ఎనిమిదో నెలలో అక్కకు బీపీ పెరిగింది. కాళ్ళూ ముఖమూ ఉబ్బాయి, కళ్ళ ముందు మిణుగురులు తిరుగుతున్నాయంది. ఆలూరు దగ్గరి పల్లె నుంచి ఆటోలో తెచ్చాం. దారిలో అమ్మ అక్క చేతికి తాయెత్తు కట్టింది. ఆసుపత్రి గడప దాటేదాకా నేను అమ్మను దులిపేస్తూనే ఉన్నాను.

ఫిట్స్ రాకుండా ఇంజక్షన్ ఇచ్చి, సెలైన్ పెట్టారు. ఎంత నెమ్మదంటే, చుక్కకూ చుక్కకూ మధ్య ఒక కునుకు తీయవచ్చు. "నీళ్ళురా తమ్ముడా," అంది అక్క. సీసా నిండుగా ఉంది, మనిషి నాలుక ఎండిపోతోంది. ఎవరూ చూడకుండా గొట్టానికున్న చక్రం తిప్పేశాను. చుక్కలు దారమయ్యాయి.

కాసేపటికి సిస్టర్ వచ్చింది. వస్తూనే చక్రం బిగించి, పెదవులు కదుపుతూ చుక్కలు ఎంచింది. అక్కను లేపి కూర్చోబెట్టి, వీపుకు స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నది.

"ఎవరప్పా దీన్ని తిప్పింది?"

"నేనే. ఎండిపోతాంటే సూస్తా కూసుండల్లనా? ఇంగో బాటిలు కట్టండి సిస్టరమ్మా!"

"కాళ్ళకు నీరు కనపడ్లేదా నీకు? ఈ జబ్బులో పోసిన నీళ్ళు నెత్తుట్లో నిలబడవు. ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. మంచం మిందనే మునిగిపోతాది మీయక్క." ఆమె చూపు తాయెత్తు మీద ఆగింది. "మీయమ్మ తాయెత్తు కట్టింది. నువ్వు బాటిలు కట్టమంటాండావు. యాడుందప్పా తేడా?"

 

సిస్టర్ డాక్టరుకు జరిగింది జరిగినట్టు చెప్పి వచ్చి, తన చేతి గడియారం విప్పి నాకిచ్చింది. "లెక్క, రుజువు అంటా తిరుగుతావంట కదా, మీయమ్మ సెప్పింది. కూసో, చుక్కలు ఎంచు. ఎక్కువైనా, అక్కకు ఆయాసమొచ్చినా పిలువు."

ఎంచాను. జిన్నింగు మిల్లుల దూది నుసి కిటికీలోంచి తేలి వస్తోంది. చుక్కేదో, నుసేదో, అక్క ఊపిరేదో తెలియని మధ్యాహ్నం. సిస్టర్ గంటగంటకూ వచ్చి మూత్రం కొలిచి రాసుకునేది; మళ్ళీ వీపుకు చెవి ఒప్పగించేది. ఆమె ముఖం చదవడానికి నాకు ధైర్యం చాలేది కాదు. ఎండ వాలాక, మొదటిసారి నా వైపు తిరిగి, "ఊపిరి తేటగా ఉంది లేప్పా," అంది. మర్నాడు పొద్దున కాన్పు. అరచేతిలో పట్టేంత ఆడపిల్ల, గట్టి గొంతు.

గడియారం తిరిగి ఇచ్చేశాను. అడిగిన ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉంది. ఇప్పుడు వ్యాసాలు రాసేటప్పుడు, ఇతరుల తాయెత్తు మీద కలం ఎత్తే ముందు, ఆ చక్రం తిప్పిన నా చెయ్యి చూసుకుంటాను.

"పెదాలు కదిలిస్తాండావు, మంత్రమేమన్నా సదువుతాండావా?" మంచం మీది నుంచి నవ్వాడు మిత్రుడు. "ఆ సెలైను రోంత జోరుగా పెట్టప్పా, తొందరగా అయిపోతాది."

"మంత్రం కాదప్పా, లెక్క," అన్నాను. చెయ్యి ఒళ్ళోనే ఉంచుకున్నాను.