కదపవలదు

పోయిన వారం భీవండి నుంచి మా బావ కూతురు వచ్చింది. మా మేనత్త కొడుకైన ఆ బావ పోయి నెల దాటింది. ఆయన ఉన్న కిరాయి గది ఖాళీ చేస్తుంటే పెట్టె అడుగున దొరికిందని ఒక పాత నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీ రాతనేనట గద మామా, బాపు చెప్పేటోడు. పారెయ్య మనసొప్పలే" అంది. అట్ట ఎప్పుడో ఊడినట్టుంది, దాని బదులు మందమైన నూలుగుడ్డ వేసి, తెగిన పోగును అతికేటప్పుడు నేతగాళ్లు వేసే సన్నటి ముడులతో కుట్టి ఉంది. అమ్మాయి చాయ తాగి వెళ్లిపోయాక మూడు రోజులు దాన్ని తెరవలేదు. అందులో ఏముందో నాకు తెలుసు, రాసింది నేనే.

నా ఈడువాళ్లలో చాలామంది నాలాగే బడి మధ్యలో మానేసి, ఆ తర్వాత చదువుకున్నవాళ్లే అయివుంటారు. నా బడి ఏడో తరగతితో ముగిసింది. బట్టల దుకాణంలో పని, మధ్యాహ్నం తిండివేళ దొరికే గంటలో సిద్దిపేట గ్రంథాలయంలో బల్ల చివర కుర్చీ, పక్కన నిఘంటువు, అదే నా కళాశాల. ఇంగ్లీషును ఒక్కొక్క మాటే వెతుక్కుంటూ చదివాను. తెలుగులో నాకు నచ్చింది పాత పుస్తకాల తెలుగు. వలెను, వలదు, గాంచి, కావున అని రాస్తే తప్ప నాకు చదువుకున్నట్టు అనిపించేది కాదు. మా గల్లీలో ఉత్తరం రాయాలన్నా, వచ్చింది చదివిపెట్టాలన్నా నా దగ్గరికే వచ్చేవారు, నేనూ కొంచెం మెడ నిక్కించుకునే తిరిగేవాణ్ని.

బావ నాకన్నా నాలుగేళ్లు పెద్ద. ఐదో తరగతి దాటలేదు, అక్షరాలు కూడబలుక్కుని చదివేవాడు. పగలంతా గుంట మగ్గం మీద కూర్చుని, మునిమాపు నాతో చదరంగం ఆడేవాడు. అప్పటిదాకా మాది ఊరి ఆట, అందులో రాజు ఒక్కసారి గుర్రంలా ఎగరొచ్చు. గ్రంథాలయంలో దొరికిన ఇంగ్లీషు పుస్తకం మాకు కోట కట్టుకోవడం నేర్పింది, అంటే రాజూ ఏనుగూ ఒకే ఎత్తులో కదిలి, రాజు ఒక కొసకు చేరి దాక్కోవడం. అందులో ఒక రకం ఆట బావకు పిచ్చి పట్టించింది. ఒకరి రాజు కుడి కొసకు, ఇంకొకరి రాజు ఎడమ కొసకు చేరతారు, ఇక ఎవరి బంట్లను వాళ్లు ఎదుటి రాజు మీదికి పరుగెత్తించడమే. నేను విప్పి చెప్పగానే బావ పగలబడి నవ్వాడు. "ఇద్దరు దొంగలు ఒకని ఇంట్ల ఒకడు పడ్డట్టున్నది గద రా బామ్మర్దీ! తన ఇల్లు సూసుకుందామని మర్లినోడు చెడ్డట్టే." పుస్తకం రెండు పేజీల్లో చెప్పిందాన్ని ఆయన ఒక్క మాటలో పట్టేశాడు.

ఆ ఏడే పట్నంలో ఒక మిల్లువాళ్లు తమ చదరంగం జట్టుకు మనుషులను తీసుకుంటున్నారని, సిద్దిపేట పోటీలో మొదట నిలిచినవాడికి మిల్లులోనే కొలువు ఇస్తారని తెలిసింది. అప్పటికే చేతిమగ్గం బట్ట అడిగేవారు తగ్గి, మా గల్లీలో మగవాళ్లు ఒక్కొక్కరే భీవండి మరమగ్గాలకు వెళ్లిపోతున్నారు. బావ తండ్రి అక్కడికే వెళ్లి, దగ్గుతో తిరిగొచ్చి, ఏడాదిలో పోయాడు. ఈ పోటీ గెలవకపోతే బావకూ అదే బస్సు. అందుకని పుస్తకంలోని మెళకువలన్నీ నేను తెలుగులో ఒక నోటుబుక్కులో రాసి ఇచ్చాను. మొదట్లో "గాంచి అంటే ఏందిరా?" అని అడిగేవాడు. "గింత తెల్వకుంటే నిన్ను మిల్లోళ్లు ఏం తీసుకుంటరు బావా" అని ఎక్కిరించేవాణ్ని. తర్వాత అడగడం మానేశాడు. అర్థమైందనుకున్నాను.

చివరి ఆట ఒక బడి గదిలో జరిగింది. బావ రాజు ఎడమ కొసన, ఎదుటివాడి రాజు కుడి కొసన. బావ కొస బంటును బలి ఇచ్చి ఏనుగుకు దారి తెరిచాడు, ఎదుటి రాజుకు కాపలా ఉన్న ఒంటెను తీసేశాడు. మంత్రి కూడా ఆ దారిలోకి వస్తే ఇక రెండే ఎత్తులు. నేను గోడకానుకుని నిలబడి చూస్తున్నాను. బావ చెయ్యి మంత్రి దాకా వెళ్లి, తాకకుండా ఆగింది. జేబులోని నోటుబుక్కును పైనుంచే ఒకసారి తడుముకుని, తన సొంత రాజు ముందున్న బంటును ఒక గడి జరిపాడు. ఎదుటివాడికి ఆ ఒక్క ఎత్తు చాలింది. వాడి బంటు వచ్చి ఆ బంటును కొట్టింది, బావ రాజు మీదికి దారి తెరుచుకుంది. బావ పక్క బంటునూ జరిపాడు. పది ఎత్తుల్లో ఆట కట్టయింది.

బయట వరండాలో, నలుగురిలో, ఇంటి బంటు ఎందుకు జరిపావని అడిగాను.

"నాకూ వద్దనే అనిపించింది. కని నువ్వే రాసిస్తివి గద, కదపవలె అని. పుస్తకంల ఉన్నది నాకంటే ఎక్కువ గద రా."

నోటుబుక్కు లాక్కుని తెరిచాను. 'రాజు ముందరి బంట్లను కదపవలదు.' నా అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. వలదు అనే మాట మా ఇళ్లలో ఎవరి నోటా పుట్టి ఎరగదు. కూడబలుక్కుంటూ వచ్చిన బావ, మేం రోజూ అనే 'కదపాలె'కు దగ్గరగా తోచిన 'కదపవలె' దగ్గరే ఆగిపోయాడు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నాకు ముందు కలిగింది బాధ కాదు, తప్పు నాది కాదన్న ఊరట. ఆ ఊరటలోనే వేలు పెట్టి చూపించాను. "గిది 'దు' బావా. వలె కాదు, వలదు. కదపొద్దని." పక్కనున్నవాడెవడో "అఆలు రానోడు మిల్లుల కొలువు జేస్తడట" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వానేమో, ఎంత తలచుకున్నా ఆ ఒక్కటి తేలదు.

"కదపొద్దనే రాస్తే ఏం పోతుండె రా" అన్నాడు బావ, నోటుబుక్కు తీసుకుని మళ్లీ జేబులో పెట్టుకుంటూ.

ఆ వారమే భీవండి బస్సెక్కాడు. మా మేనత్త బస్సు దాకా రాలేదు, ఖాళీ మగ్గం గుంట అంచున కూర్చుండిపోయింది. మిగిలిన బతుకంతా ఆయన ఆ మరమగ్గాల చప్పుడులో, దూది దుమ్ములో గడిపాడు. పెళ్లిళ్లకూ చావులకూ వచ్చినప్పుడు వానల గురించి, పిల్లల గురించి మాట్లాడుకునేవాళ్లం, చదరంగం మాట మాత్రం ఎత్తేవాడు కాదు. క్షమించమని అడగబోయిన ప్రతిసారీ, నేను రాసింది ఒప్పే కదా అన్న మాట నాకు అడ్డొచ్చేది. చివరికి తండ్రికి వచ్చిన దగ్గే ఆయనకూ వచ్చింది. దవాఖానలో ఉన్నాడని ఫోను వచ్చి నేను బయలుదేరేలోగా పోయాడు.

నాలుగో రోజు నోటుబుక్కు తెరిచాను. నా ప్రతి వాక్యం కింద పెన్సిలుతో, వంకర అక్షరాలతో ఇంకో వాక్యం ఉంది. గాంచి కింద 'సూసి' అని, కావున కింద 'అందుకే' అని. కొన్నిచోట్ల పెన్సిలు గీతలు మాసిపోయాయి, కొన్నిచోట్ల కొత్తగా ఉన్నాయి, ఏళ్ల తరబడి రాసినట్టుంది. ఒక్కో మాటకూ అర్థం ఏ తోటి కూలీని అడిగాడో, నన్ను మాత్రం అడగలేదు. ఆ పేజీలో 'రాజు ముందటి బంట్లను కదపొద్దు' అని రాసి, కింద రెండు గీతలు గీశాడు.

ఇప్పుడు ఆట నేర్చుకోవాలంటే ఎవరూ ఎవరి రాత మీదా ఆధారపడనక్కరలేదు. మనం మాట్లాడే మాటల్లోనే ఫోను నేర్పుతుంది, తప్పు ఎత్తు వేస్తే అప్పటికప్పుడే చెబుతుంది, అడిగితే ఎక్కిరించదు. నేను గ్రంథాలయంలో కూర్చుని కూడబెట్టుకున్న తెలుగుతో ఇవాళ ఎవరికీ పని లేదు. నోటుబుక్కును రోజూ మొదటి నుంచీ చదువుతున్నాను, నేను రాసినవి వదిలేసి, పెన్సిలుతో రాసినవే. ఒక్క మాటకూ నిఘంటువు అవసరం పడలేదు.