అమ్మ కంటే ముందొచ్చిన వాచీ

మా చిన్నప్పుడు... రాజోలు దగ్గర మా ఊరి రేవులో నేనూ, తమ్ముడూ, మామ్మా నిలబడి ఉన్నాం. గోదావరి ఎర్రగా పొంగి, పొద్దున్న కనిపించిన మెట్లన్నీ మింగేసింది...

అమ్మ ఏటి మధ్యనున్న లంకలో బడి టీచరు. రోజూ పడవ మీద వెళ్ళి రావాల్సిందే. నాన్న కువైట్‌లో. మాకున్న ధైర్యమంతా అమ్మే...

"ఎగువన ఏదో పడవ తిరగబడిందంటండి..." అన్నారెవరో. మామ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

చీకటి పడే వేళకి అమ్మని రోజూ ఏరు దాటించే సత్తియ్య పడవ వచ్చింది. అందులో నొప్పులు పడుతున్న ఒకావిడ, పక్కన ఆవిడ అత్తగారు. అమ్మ లేదు...

సత్తియ్య జేబులోంచి ఏదో తీసి మామ్మ చేతిలో పెట్టాడు. అమ్మ వాచీ! నాన్న తెచ్చిన చిన్న కీ వాచీ. స్నానానికి తప్ప అమ్మ దాన్ని తీసేది కాదు.

"అమ్మేదీ?" అని సత్తియ్య చొక్కా పట్టుకుని అడిగాను. తమ్ముడు ఏడుపు లంకించుకున్నాడు.

"అయ్యయ్యో, ఏం కాలేదమ్మా! ఇంకొక్కరెక్కినా పడవ మునిగిపోద్దని, ఈవిణ్ణి ఎక్కించి టీచరుగారు ఆగిపోయేరండి. సర్పంచిగారి మేడ మీదున్నారు. వాచీ చూపిస్తేగానీ పిల్లలు నమ్మరని ఇచ్చేరండి."

"నువ్వు చూశావా బాబూ?" అంది మామ్మ.

"ఆయ్! నా కళ్ళతో చూసేనండి."

అయినా భయం పోలేదు... నీరు ఇంకా పెరుగుతూనే ఉంది. వాచీ ఆగిపోతే అమ్మకేమైనా అవుతుందేమోనని నేను కీ ఇస్తూనే ఉన్నాను. "చాలే, స్ప్రింగు తెగిపోద్ది!" అని మామ్మ లాక్కుని, తన చెవి దగ్గర పెట్టుకుని ప్రార్థన చేసుకుంది.

వరద తీశాక అమ్మ బురద కాళ్ళతో గుమ్మంలోకి వచ్చింది. ఆ లంకావిడకి ఆడపిల్ల పుట్టిందని మామ్మ చెప్పగానే, అమ్మ మా ఇద్దర్నీ వాటేసుకుని భోరుమంది. అమ్మ కూడా భయపడుతుందని నాకు అప్పుడే తెలిసింది...

అమ్మ పోయిన చాలా ఏళ్ళకి, మొన్న తన ట్రంకుపెట్టె సర్దుతుంటే రుమాల్లో చుట్టిన ఆ వాచీ దొరికింది. అమలాపురంలో బాగు చేయించి, రోజూ పెట్టుకుంటున్నాను. పొద్దున్నే కీ ఇచ్చేటప్పుడు మాత్రం ఈ వయసులోనూ గుండె ఒక్కసారి ఝల్లుమంటుంది...

ఇప్పుడక్కడ వంతెన పడింది. కాస్త ఆలస్యమైతే ఫోన్ చేసేస్తాం. రేవులో నిలబడి నీళ్ళవైపు చూడ్డమంటే ఏమిటో మా పిల్లలకి ఎంత చెప్పినా అర్థం కాదు...

వరద రోజుల్లో మీరూ అలా ప్రాణాలు అరచేత పట్టుకుని ఎదురుచూశారా? ఎవరి కోసమండీ?