అస్తరులో చిరుగు

ఆయన కోట్లు కుట్టే దర్జీ. ఆ కొట్లో పొద్దుటి వెలుగు ముందు గుడ్డ మీద వాలి, ఆ తర్వాతే నేలకు దిగుతుంది. పైగుడ్డను ఎవరైనా మెచ్చుకుంటారు. ఆయన ప్రాణమంతా లోపలి అస్తరు మీద. ఎవరూ చూడని చోటే కుట్టు అందంగా ఉండాలని పంతం.

ఆరేళ్లుగా ఓ కడుపునొప్పి. తిన్న గంటకు బొడ్డు పక్కన మెలిపెట్టేది. కత్తిరింపుల బల్ల మీద ఎడమవైపు తిరిగి, మోకాళ్లు ముడుచుకు పడుకుంటే అలలా వెనక్కి మళ్లేది. ఆసుపత్రికి బయల్దేరినా బండి వెనక సీట్లో అలాగే పడుకునేవాడు. చేరేసరికి నొప్పి మాయం. స్కానింగులో ఏమీ ఉండేది కాదు.

"కోట్లు పేరుకుంటే చాలు, మా బావకు కడుపునొప్పి" అనేవాడు బండి నడిపే బావమరిది.

ఆయన నవ్వేవాడు. భార్య నవ్వేది కాదు.

ఓ మధ్యాహ్నం నొప్పికి వాంతులు తోడయ్యాయి. పొట్ట డోలులా బిగిసింది. బండెక్కగానే ఆయన ఒరగబోయాడు. భార్య రెక్క పట్టుకుంది.

"కూర్చోండి. పడుకుంటే మళ్లీ ఏం లేదంటారు."

"చచ్చిపోతానే!"

"కూర్చునే చావండి."

బావమరిది బండి ఉరికించాడు.

నొప్పి ఉండగానే తీసిన స్కానింగులో దొంగ దొరికాడు. "పేగుల్ని పట్టి ఉంచే పొరలో పుట్టుకతోనే చీలిక ఉంది. పేగు అందులో దూరి ఇరుక్కుంది. పెద్దవాళ్లలో చాలా అరుదు" అంది సర్జనమ్మ. "ఇన్నాళ్లూ మీరు పడుకోగానే జారి బయటికొచ్చేసేది. ఇవాళ రాలేదు. ఆలస్యమైతే చచ్చుబడుతుంది."

"జేబు చిరిగి తాళంచెవి అస్తరులో పడ్డట్టు. అంతేనామ్మా?"

"అచ్చంగా అంతే."

"తాళంచెవి తీసి ఊరుకోకండి. చిరుగు కూడా కుట్టేయండి."

ఆపరేషన్లో, కందిపోయిన పేగును విడిపించి వెచ్చని తడిగుడ్డ కప్పితే, మెల్లగా తెల్లవారినట్టు గులాబీరంగు తిరిగొచ్చిందట. ఏదీ కోసి పారేయలేదు. అయినా కింద నుంచి గాలి వెళ్తేనే పేగు పనిచేస్తున్నట్టు. అందాకా చుక్క నీళ్లు లేవు.

రెండు రోజులు భార్య ఆ చప్పుడు కోసమే చెవి ఒగ్గి కూర్చుంది. మూడోనాటి ఉదయం దుప్పటి కింద చిన్న కూత.

"మీరేనా?"

"ఇంకెవరే!"

"మా బావ వదిలాడు!" అంటూ బావమరిది వరండా పొడుగునా పరిగెత్తాడు, పిల్లాడు పుట్టినట్టు. పక్క మంచాలవాళ్లు చప్పట్లు కొట్టారు. భార్య చెంచాతో నీళ్లు పోస్తుంటే ఆయన ఆత్రంలో సగం గడ్డం మీదే ఒలికాయి.

సర్జనమ్మ కట్టు విప్పింది. ఆయన తల ఎత్తి కుట్లు ఒక్కొక్కటే చూశాడు.

"చెయ్యి మంచిదేనమ్మా. లోపల?"

"లోపల ఇంతకంటే బాగా కుట్టాను."

పొట్ట పట్టుకుని, నొప్పెడుతున్నా నవ్వాడు.